నూనె చెల్లి మూడు జడలు

ఒకప్పుడు బాతులు నీళ్ళంటే హడలిపోయేవి. నీళ్ళలో కాలు పెడితే చాలు, ఈకలన్నీ పాత దూది పరుపులా తడిసి బరువెక్కేవి. ఇక మునగడమే! అందుకని గట్టు మీదే తిరుగుతూ, దొరికిన పురుగో పుట్రో తిని బతికేవి.

ఆ రోజుల్లో కొల్లేటి గట్టున, కిక్కిస గడ్డి పొదల్లో గున్నమ్మ అనే బాతు ఉండేది. దానికి ఆరు పిల్లలు. కడగొట్టుది బుడిగి. బుడిగికి ఎప్పుడు చూడు ఆకలే.

ఆ ఏడు ఎండలకి గట్టు మీద పురుగన్నది లేకుండా పోయింది. ఓ పొద్దున బుడిగికి నీళ్ళ అంచున నత్తగుల్ల కనబడింది.

"అమ్మా, ఒక్కటే!" అంటూ దూకేసింది.

బుడుంగుమని మునిగింది.

గున్నమ్మ తనూ మునిగిపోతానేమోనన్న తలపే లేకుండా మెడ చాచి, ముక్కుతో పిల్లని పట్టి గట్టు మీదికి లాగింది. బుడిగి గడగడా వణికిపోతోంది. రెక్క కింద దాచుకుందామంటే తల్లి ఈకలూ తడే. ఇక వెచ్చదనం ఎక్కణ్ణుంచి వస్తుంది?

"ఏం నీళ్ళక్కా! పసిపిల్ల కదా, వదిలెయ్యకూడదూ?" అని నీళ్ళకేసి చూసి ఏడ్చింది గున్నమ్మ.

నీళ్ళక్క నొచ్చుకుంది. "నాకు దాని మీద పగేమిటే గున్నమ్మా? ఎవరొచ్చినా వాటేసుకుంటాను. వదలడం ఎలాగో నాకు తెలీదు."

అప్పుడు ఆ నీళ్ళలోంచే ఇంకో గొంతు పలికింది. "అక్కా, నేను వెళ్ళి ఆ పిల్లకి దుప్పటిలా ఉండనా?"

అది నూనె చెల్లి. అప్పట్లో నూనె నీళ్ళలోనే కలిసి ఉండేది. దానికి మూడు చిట్టి చేతులు, మూడు పొడుగాటి జడలు. మూడు చేతులతోనూ అక్కని పట్టుకుని పొద్దస్తమానం ఆడుకునేది. ఏది నీళ్ళో, ఏది నూనో చూసేవాళ్ళకి తెలిసేదే కాదు.

నూనె చెల్లి గట్టెక్కి బుడిగి ఈకల నిండా పరుచుకుంది. వణుకు కాస్త తగ్గింది. తగ్గగానే బుడిగి మళ్ళీ నత్తగుల్ల దగ్గరికే పోయింది! నీళ్ళక్క చెయ్యి చాచింది. నూనె చెల్లి ఉండబట్టలేక చెయ్యి అందించింది. అక్కాచెల్లెళ్ళు మళ్ళీ ఒకటైపోయారు. బుడిగి మళ్ళీ బుడుంగు!

గున్నమ్మ మళ్ళీ లాగింది. ఈసారి బుడిగి కళ్ళు తెరవలేదు.

"చేతులుంటే నేను ఆగలేనక్కా," అంది నూనె చెల్లి. "కట్టెయ్యి."

"కట్టేస్తే మళ్ళీ నన్ను పట్టుకోలేవే తల్లీ!"

"పిల్ల చల్లబడిపోతోందక్కా."

నీళ్ళక్క చెల్లిని ముందు కూర్చోబెట్టుకుంది. చిక్కులు తీసి, మూడు జడలూ నున్నగా అల్లింది. మొదటి జడ కొస తెచ్చి మొదటి చేతికి కట్టింది. ముడి బిగియగానే ఓ నీటిబొట్టు రాలింది. రెండో జడ రెండో చేతికి కట్టింది. ఇంకో బొట్టు రాలింది. మూడో చెయ్యి దగ్గరికొచ్చేసరికి నీళ్ళక్క ఆ చేతిని అలాగే పట్టుకుని కూర్చుండిపోయింది. నూనె చెల్లే మెల్లిగా చెయ్యి విడిపించుకుని జడకి ఆనించింది.

మూడో ముడి పడింది. మూడో బొట్టు రాలింది.

నూనె చెల్లి ఒక్క అంగలో బుడిగిని చేరింది. కాస్త ఈకల మీద పరుచుకుంది. కాస్త చర్మం కింద చేరి వెచ్చగా సర్దుకుంది, తిండి దొరకని రోజుకి అక్కరకొస్తానని. మిగిలింది తోక మొదట్లో చిన్న తిత్తిలో కూర్చుంది. తల్లినీ, మిగతా పిల్లల్నీ కూడా అలాగే కప్పింది.

బుడిగి ఒక కన్ను తెరిచింది. "అమ్మా, నా నత్తగుల్లేదీ?"

గున్నమ్మ ఏడుస్తూనే నవ్వింది.

బుడిగి నీళ్ళలోకి దిగింది. నీళ్ళక్క అలవాటుగా చెల్లి కోసం తడిమింది. చేతులు దొరకలేదు. జడల మీంచి జారి, ముత్యాల్లా దొర్లిపోయింది. బుడిగి మాత్రం హాయిగా తేలింది!

అది చూసి గున్నమ్మ మనసు కలుక్కుమంది. "నా బిడ్డ కోసం మీ ఇద్దర్నీ విడదీశానే! నీళ్ళక్కా, రోజూ తెల్లారగానే నీ చెల్లిని నీ దగ్గరికి తీసుకొస్తాను. ఇదే నా మాట."

"తీసుకురా అమ్మా," అంది నీళ్ళక్క. "కళ్ళారా చూసుకుంటాను."

అప్పటినుంచే నూనె నీళ్ళలో కలవదు. ఎంత గిలక్కొట్టినా సరే, కాసేపటికి పైకొచ్చి అక్క ఒళ్ళో పడుకుంటుంది. బాతు తోక దగ్గరి తిత్తిలోంచి ముక్కుతో నూనె తీసి, ఈక ఈకకీ రాసుకోవడమూ అప్పటినుంచే. ఇక పొద్దున్నే గూడు తలుపు తీసి చూడండి. గింజలు చల్లినా అటు చూడకుండా, బాతులన్నీ క్వాక్ క్వాక్ అంటూ వరసకట్టి నీళ్ళకేసే పరుగెడతాయి.