ఒడ్డున దొరికిన చిల్లు

అనగా అనగా ఎప్పుడో, మహారాజులు కూడా ఏరు దాటాలంటే పడవవాణ్ణి బతిమాలుకునే రోజుల్లో, నావలపాలెం అనే ఊరుండేది. ఆ ఊళ్లో గవరయ్య అనే వడ్రంగి పడవలు చేసేవాడు. అతని భార్య సూరమ్మ. లేకలేక పుట్టిన కూతురు బంగారి.

గవరయ్య చెయ్యి మంచిది, కోపం చెడ్డది.

ఒకనాడు బంగారి ఆటల్లో పడి, పడవ సందులు పూడ్చే గుగ్గిలాన్ని పొయ్యి మీద మాడబెట్టింది. గవరయ్య కర్ర పట్టుకొచ్చి, "ఎవరు చేశారీ పని?" అని గర్జించాడు. కర్రను చూడగానే బంగారి, "పిల్లి కట్టెను ఎగదోసిందయ్యా" అంది. ఆ పిల్లి, పాపం, అప్పుడు పొరుగింటి పాలకుండ దగ్గర తన పనిలో తానుంది. పిల్లకు దెబ్బలు పడ్డాయి.

కొన్నాళ్లకు మంచి ఉలి కనపడకుండా పోయింది. ఈసారి బంగారి, "కాకి ఎత్తుకుపోయింది" అంది. ఆ కాకి ఏ కొమ్మన వాలిందో, ఎటు ఎగిరిందో కూడా వివరంగా చెప్పింది. ఉలితో కాకి ఏం వడ్రంగం చేస్తుందో మాత్రం చెప్పలేదు. దెబ్బలు ఇంకా గట్టిగా పడ్డాయి.

ఆ సాయంత్రం సూరమ్మ మొగుణ్ణి నిలదీసింది.

"ఏమయ్యా, పడవ తయారయ్యాక ఏం చేస్తావు?"

"ఒడ్డునే నిలబెట్టి నిండా నీళ్లు పోస్తాను. కారిన చోట కుంకం బొట్టు పెట్టి, అందరికీ బెల్లం పంచుతాను. మా తాతల నాటి ఆచారం."

"చిల్లు కనపడితే బెల్లం దేనికి?"

"వెర్రిదానా, ఏటి నడుమ కనపడాల్సింది ఒడ్డునే కనపడితే సంతోషం కాదూ?"

"మరి పిల్ల తప్పు ఇంట్లో కనపడితే కర్రెందుకు తీస్తావు? నీ కర్రకు భయపడి అది తప్పు మానలేదు, దాచడం నేర్చుకుంది. పిల్లి నుంచి కాకి దాకా వచ్చింది. రేపు ఏనుగు దాకా పోతుంది."

గవరయ్యకు ముందు కోపం వచ్చింది, తర్వాత సిగ్గేసింది. కర్రను తీసి పొయ్యిలో పెట్టాడు.

మర్నాడు కూతురి పక్కన కూర్చుని, "ఉలి ఎక్కడ పడిందో చెప్పు తల్లీ. కొట్టను. ఇద్దరం వెతుకుదాం" అన్నాడు.

బంగారి చాలాసేపు అతని చేతులకేసి చూసింది. ఖాళీగానే ఉన్నాయి. "నత్తల కోసం బురద తవ్వుతుంటే ఏట్లోకి జారిపోయిందయ్యా" అంది.

తండ్రీ కూతుళ్లు మోకాలి లోతు బురదలో దేవి దేవి ఉలిని పట్టుకొచ్చారు. దెబ్బ పడలేదు కానీ, తుప్పు వదిలి పదునెక్కేదాకా దాన్ని నూరే పని మాత్రం బంగారికే వచ్చింది.

ఆ ఏడు రాజుగారు, రాణితోనూ పసిబిడ్డతోనూ ఏరు దాటడానికి గవరయ్య చేత కొత్త పడవ చేయించుకున్నారు. నీళ్లు పోసి చూస్తే చుక్క కారలేదు. ఆ తర్వాత బంగారి, రాణిగారు కూర్చునే చోట పూలదండ కడితే ముచ్చటగా ఉంటుందనుకుంది. ముందుగా బెజ్జం పెట్టకుండానే పలకకు మేకు దిగ్గొట్టింది. పలక అడుగుదాకా చీలింది. హడలిపోయి, ఆ చీలికలో బంకమట్టి కూరి పైన గుగ్గిలం పూసేసింది. ఎవరూ చూడలేదు.

తెల్లవారింది. బాకాలు మోగాయి. ఏరు నిండుగా పోతోంది. రాజుగారు పడవలో కాలు పెట్టబోతూ, "గట్టిదేనా గవరయ్యా?" అని అడిగారు.

"నా ప్రాణం పూచీ ప్రభూ" అన్నాడు గవరయ్య.

ఆ మాట బంగారి చెవిన పడింది. రాణి చేతుల్లో బిడ్డ బోసినవ్వు నవ్వుతోంది. ఇక ఆగలేకపోయింది. "అయ్యా, పడవ చీలింది. నేనే చీల్చాను. మట్టి కూరి దాచేశాను" అంది.

జనం నోళ్లు నొక్కుకున్నారు. భటులు ముందుకు కదిలారు. రాజుగారి మొహం ఎర్రబడింది. గవరయ్యకు పై ప్రాణాలు పైనే పోయాయి. అయినా కూతురి తల మీద చెయ్యి వేసి, "చెప్పి మంచిపని చేశావు తల్లీ. రా, దిద్దుదాం" అన్నాడు.

పడవను పైకి లాగి మళ్లీ నీళ్లు పోశారు. మట్టి కరిగి నీళ్లు బుడబుడా కారాయి. రాణిగారు బిడ్డను గుండెకు హత్తుకున్నారు. పాత పలక తీసి కొత్తది బిగించారు. ప్రతి మేకుకూ ముందుగా బెజ్జం పెట్టింది బంగారే.

రాజుగారి కోపం చల్లారింది. "మా కొలువులో తలపండినవాళ్లే తమ తప్పు చెప్పరు. ఈ పిల్ల ఇంతమందిలో చెప్పింది. దీనికి ఏం మందు పెట్టావయ్యా?" అని అడిగారు.

"మందేమీ లేదు ప్రభూ. నిజం చెప్పినప్పుడు కొట్టడం మానేశాను. ఆ తెలివి కూడా నాది కాదు, దాని తల్లిది."

రాజుగారు పకపకా నవ్వి, బంగారిని పడవ ముందుభాగాన కూర్చోబెట్టుకున్నారు. నిండు ఏటిని పడవ దర్జాగా దాటింది. రెండు ఒడ్లూ జేజేలతో మారుమోగాయి. ఇవతలి ఒడ్డున సూరమ్మ సంతోషం పట్టలేక ఏడుస్తూనే నవ్వింది.

కాబట్టి అమ్మలారా, అయ్యలారా, మీ ఇంట పిల్లలు నిజం చెప్పాలంటే, చెప్పిన రోజున వాళ్లను కొట్టకండి. పక్కన కూర్చుని ఆ తప్పు వాళ్ల చేతే దిద్దించండి.