ఉప్పుకొఠారుకి వచ్చిన గండం

తెలివి గురించి ఎవరైనా మాట్లాడితే మా బుర్రంపేట మునిసిపాలిటీ వాళ్ల గురించే మాట్లాడాలి. ఈ మాట నేను అనడం లేదు, వాళ్లే అంటారు. నెలనెలా కౌన్సిల్ మీటింగులో మొదటి పని తమ తెలివికి తామే అభినందనలు చెప్పుకోవడం. రెండో పని టీ తాగడం. మూడో పని ఉంటే చూస్తారు.

వాళ్ల తెలివికి ఒక్క మచ్చుతునక చెబుతాను. వీధిదీపాలు పనిచేస్తున్నాయో లేదో చూడాలంటే చీకట్లో స్తంభాలు కనపడవు కదా! అందుకని పట్టపగలు పన్నెండింటికి అన్ని దీపాలూ వేయించి, గొడుగులు పట్టుకుని ఊరంతా తిరిగి తనిఖీ చేస్తారు. ఏ ఊళ్లోనైనా ఉందా ఇంత ముందుచూపు?

ఈ తెలివికి పెద్ద ఛైర్మన్ గవిరినాయుడు. ఆయనకి ఒకటే పట్టు. పైనుంచి కాగితం వస్తే అందులో ఉన్నది ఉన్నట్టు చెయ్యాలి. లేనిది చచ్చినా చెయ్యకూడదు. ఆయనతో కలిపి కౌన్సిల్లో పదకొండు మంది. పదకొండు మందిదీ అదే పట్టు.

మునిసిపల్ ఆఫీసుకి ఎదురుగా, రోడ్డుకి అవతల, ఉప్పుకొఠారు ఉంది. వెనకటి రోజుల్లో సముద్రపు ఉప్పంతా అందులోనే పోసేవారట. మూడు మూరల మందం సున్నపు గోడలు, పెంకుటి కప్పు, ముందు పొడుగాటి అరుగు. ప్రభుత్వం దాన్ని రక్షిత కట్టడమని ఎప్పుడో రాసిపెట్టింది. ఆ అరుగు మీద సన్యాసమ్మ ఇరవయ్యేళ్లుగా టీ కాచి అమ్ముకుంటోంది. మండుటెండలో కూడా ఆ గోడ పక్క చల్లగా ఉంటుంది. ఆ చల్లదనం కోసమే జనం వస్తారు, వచ్చినవాళ్లు టీ తాగుతారు. సన్యాసమ్మ బతుకంతా ఆ గోడ నీడే.

ఆ కొఠారు మీద కాంట్రాక్టరు దాలినాయుడి కన్ను పడింది. దాన్ని కూల్చేసి మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు కడతానని అర్జీ పెట్టాడు. కౌన్సిలు ఆ అర్జీని పురావస్తు శాఖకి పంపింది. పది రోజులకి జవాబు వచ్చింది. గుమాస్తా కూర్మారావు గొంతు సవరించుకుని చదివాడు.

"ఈ కట్టడాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. కూల్చాలో ఉంచాలో చేతులెత్తి తీర్మానం చెయ్యాలి. చుట్టుపక్కల వాళ్ల అభిప్రాయం రాసుకోవాలి. చేసిన తీర్మానం పదిహేను రోజుల్లో అమలు చెయ్యాలి."

"ఎవరూ ముట్టుకోకూడదా!" అంటూ గవిరినాయుడు కుర్చీలోంచి లేచిపోయాడు. "మరి సన్యాసమ్మ బల్ల గోడకి ఆనుకుని ఉందయ్యా!"

అంతే. పదకొండు మందీ రోడ్డు దాటి పరిగెత్తారు. బల్ల మీద కూర్చుని టీ తాగుతున్న వాళ్లని లేపేశారు. బల్లని గోడకి జానెడు దూరం జరిపించారు.

"అరుగు కూడా కొఠారుదే కదండీ, ఈవిడ దాని మీద నిలబడింది" అన్నాడు పోలిరాజు. కౌన్సిల్లో వయసులో పెద్ద ఆయనే, అందుకని తెలివిలో కూడా తనే పెద్దనని ఆయన నమ్మకం.

"నిలబడితే చెప్పులు ముట్టుకున్నట్టు, మనిషి ముట్టుకున్నట్టు కాదు" అన్నాడు గవిరినాయుడు. "సన్యాసమ్మా, చెప్పులు విప్పావంటే కేసు పెడతాను."

"ఇదేటి బావూ, నానెప్పుడు చెప్పులేసుకున్నాను?" అంది సన్యాసమ్మ.

ఇంకేముంది! కౌన్సిలర్ ఎర్నమ్మ తన చెప్పులు విప్పి ఆవిడ కాళ్లకి తొడిగింది. అవి రెండు సైజులు చిన్నవి. సన్యాసమ్మ మడమలు వెనక్కి వేలాడుతుంటే, అవి అరుగుకి తగలకుండా రోజంతా మునివేళ్ల మీద నిలబడి టీ పోసింది.

ఊళ్లో వాళ్లకి ఈ సంగతి తెలియాలి కదా? "ముట్టుకోరాదు" అని ఇనుప బోర్డు రాయించారు. ఎక్కడ పెట్టాలి? ముట్టుకోకూడనిది గోడ, కాబట్టి గోడకే పెట్టాలి. బోర్డుని పొడుగాటి వెదురుకర్రతో అదిమిపట్టి, జానెడు మేకులు నాలుగు, పటకారుతో పట్టుకుని, సుత్తితో దిగ్గొట్టారు. చెయ్యి మాత్రం గోడకి తగలనివ్వలేదు. నాలుగో మేకుకి బండెడు సున్నం పెళ్లలు పెళ్లలుగా ఊడి కిందపడింది.

"అయ్యో, తీసి అతికించండి బావూ!" అని సన్యాసమ్మ గగ్గోలు పెట్టింది.

"ఎలా అతికిస్తాం? ముట్టుకోకూడదు కదా!" అన్నాడు పోలిరాజు, ఇంత చిన్న విషయం తెలీదా అన్నట్టు.

తరవాత లోపల ఎలా ఉందో చూడాలన్నారు. తలుపుకి తాళం ఉంది. తాళం తియ్యాలంటే ముట్టుకోవాలి. పదకొండు మందీ నెత్తి గోక్కున్నారు. చివరికి ఎర్నమ్మకి తట్టింది. రాయి తీసుకుని గురిచూసి కప్పు మీదికి విసిరింది. పది పెంకులు పగిలి, మనిషి పట్టేంత కన్నం పడింది. నిచ్చెన తెచ్చి పక్కనున్న కరెంటు స్తంభానికి వేసి, ఒక్కొక్కరే ఎక్కి ఆ కన్నంలోంచి తొంగిచూశారు.

"లోపల ఎలా ఉంది?" అన్నాడు కింద ఉన్న గవిరినాయుడు.

"కప్పుకి పెద్ద కన్నం పడిందండీ. కట్టడం పాడైపోతోంది" అన్నాడు పైనున్న కూర్మారావు.

"రాసుకో, రాసుకో! మనం చూడబట్టి తెలిసింది."

కూలుస్తానన్నవాడు ఇంకా రానేలేదు, కాపాడేవాళ్లే సగం కూల్చేస్తున్నారు. "నూటడెబ్బయ్యేళ్ల గాలీ వానా తట్టుకుంది గానీ మిమ్మల్ని తట్టుకోనేదు బావూ ఇది" అంది సన్యాసమ్మ కళ్లు తుడుచుకుంటూ. పాపం, ఆవిడ ఏడుపు చూస్తే నాకే కడుపు తరుక్కుపోయింది.

రాయి కథ విని దాలినాయుడు చంకలు గుద్దుకుంటూ వచ్చాడు. "నాయుడుగారూ, రాయి ముట్టుకుంటే మనిషి ముట్టుకున్నట్టు కాదా?"

"కాదు."

"అయితే జేసీబీ ముట్టుకుంటే?"

"అదీ మనిషి కాదు కదయ్యా" అన్నాడు గవిరినాయుడు ధీమాగా.

మర్నాడు పొద్దున్నే మీటింగు. దాలినాయుడు కాంప్లెక్సు బొమ్మ రంగుల్లో గీయించి అందరికీ తలోటి పంచాడు. అందులో లిఫ్టు ఉంది. బుర్రంపేటలో లిఫ్టు ఎక్కినవాడు లేడు. పదకొండు మందీ ఆ లిఫ్టుని చూసి లొట్టలేశారు. సన్యాసమ్మ టీ కెటిల్ పట్టుకుని గుమ్మం దగ్గర నిలబడింది. ఆ తీర్మానం నెగ్గితే రేపటినుంచి కెటిల్ ఎక్కడ దించాలో ఆవిడకి తెలీదు.

"కూల్చాలి అనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు గవిరినాయుడు. ఆయనా ఎత్తాడు. పదకొండు మంది, ఇరవైరెండు చేతులు. కాగితంలో చేతులెత్తి అని ఉంది గానీ చెయ్యెత్తి అని లేదు కదా!

కూర్మారావు లెక్కపెట్టి పుస్తకంలో రాశాడు: "కూల్చాలి. ఏకగ్రీవం." సన్యాసమ్మ కెటిల్ గుమ్మంలోనే దించేసింది.

"ఉంచాలి అనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు గవిరినాయుడు.

కూర్మారావు మళ్లీ చూశాడు. పదకొండు మంది, ఇరవైరెండు చేతులు. దించమని ఎవరూ అనలేదు, అందుకని ఎవరూ దించలేదు. అంతే, రాసేశాడు: "ఉంచాలి. ఏకగ్రీవం."

దాలినాయుడు ఎగిరిపడ్డాడు. "రెండూ ఎలా నెగ్గుతాయండీ!"

"ఏం, నెగ్గకూడదా?" అన్నాడు గవిరినాయుడు మురిసిపోతూ. "పక్క ఊరి మునిసిపాలిటీలో ఒక్క తీర్మానం ఏకగ్రీవం కావడానికి కుర్చీలు విరగ్గొట్టుకుంటారు. మనకి ఒక్క పూటలో రెండు!"

రెండూ నెగ్గాయి సరే, రెండూ అమలు చెయ్యాలి. ఎలాగో ఎవరికీ తోచలేదు. ముందు కూల్చి తరవాత ఉంచుదామన్నాడు ఒకాయన. పగలు ఉంచి సాయంత్రం కూల్చి మళ్లీ పొద్దున్న ఉంచుదామంది ఎర్నమ్మ. ఇలా గంట గడిచింది. చేతులు మాత్రం అలాగే ఉన్నాయి. భుజాలు లాగేస్తున్నాయి, ముక్కులు దురదపెడుతున్నాయి, ఒకరి ముక్కు ఒకరు మోచేత్తో గోక్కుంటున్నారు. టీ వేళయింది. ఎవరి చేతులూ ఖాళీ లేవు. సన్యాసమ్మే తిరిగి, ఒక్కొక్కరి నోట్లో చల్లార్చి పోసింది. తన పొట్ట కొట్టడానికి చేతులెత్తినవాళ్లకి చంటిపిల్లలకి పట్టినట్టు పట్టింది మహాతల్లి.

చివరికి కూర్మారావు కాగితం మళ్లీ తిరగేశాడు. "చుట్టుపక్కల వాళ్ల అభిప్రాయం రాసుకోవాలని ఉందండీ."

"ఇదుగో, చుట్టుపక్కలే ఉందిగా" అన్నాడు గవిరినాయుడు. "చెప్పు సన్యాసమ్మా, నీ అభిప్రాయం ఏమిటి?"

అప్పటిదాకా దిగమింగుకున్నదంతా ఒక్కసారి బయటికి వచ్చింది ఆవిడకి. "నా అభిప్రాయమేటా? ఇరవయ్యేళ్లయి ఆ గోడని నమ్ముకుని బతుకుతున్నాను. మా ఆయన పోయిన నాడు ఆ గోడకే తల ఆన్చి ఏడ్చాను. దాన్ని మేకులు కొట్టీసినారు, కప్పు బద్దలు కొట్టీసినారు. ఇంకా కూల్చాలని అంత సరదాగా ఉంటే మీ ఆఫీసు కూల్చుకోండి!"

కూర్మారావు కలం బరబరా సాగింది. "మీ... ఆఫీసు... కూల్చుకోండి. రాసుకున్నానండీ."

పోలిరాజు మొహం వెలిగిపోయింది. "అమ్మో, ఈవిడ ఎంత తెలివైనదండీ! ఒకటి కూల్చాలి, ఒకటి ఉంచాలి. మన దగ్గర ఉన్నవి రెండు కట్టడాలు! దానికి రక్షణ ఉంది, దీనికి లేదు. ఏది కూల్చాలో పుస్తకంలో రాశామా?"

కూర్మారావు పుస్తకం చూశాడు. సిరా ఆదా చేద్దామని ఆయన "కూల్చాలి" అనీ, "ఉంచాలి" అనీ రాశాడే గానీ, దేన్ని అన్నది రాయనే లేదు.

ఇంకేముంది! పదకొండు మందీ సంతోషం పట్టలేక చప్పట్లు కొట్టారు. చప్పట్ల కోసం చేతులు కిందికి వచ్చాయి. ఆ విధంగా ఆ చిక్కు కూడా తీరింది.

"నాది కోపంలో అన్న మాట బావూ, నిజంగా కూల్చీకండి" అని సన్యాసమ్మ బతిమాలింది.

"అభిప్రాయం ఒక్కసారే రాసుకోమన్నారు" అన్నాడు గవిరినాయుడు.

దాలినాయుడు కాసేపు గింజుకున్నాడు. ఆఫీసు తలుపులూ కిటికీలూ టేకువని గుర్తొచ్చి, "కలపంతా నాకే" అన్నాడు. సరేనన్నారు.

శనివారం పొద్దున్నే జేసీబీ వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఆఫీసు నేలమట్టమైంది. రాళ్లూ రప్పలూ లారీల్లో వెళ్లాయి. తలుపులూ కిటికీలూ దాలినాయుడు బండెక్కించుకుని పోయాడు. దుమ్ము సర్దుకున్నాక సన్యాసమ్మ వెనక్కి తిరిగి చూసింది. కొఠారు అలాగే ఉంది. కాళ్లకున్న ఎర్నమ్మ చెప్పులు విసిరికొట్టి, వట్టి కాళ్లతో అరుగెక్కి, గోడకి రెండు చేతులూ ఆన్చి నిలబడింది. నవ్వు ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

తీర్మానం అమలైందని రాసుకోవడానికి మీటింగు పెట్టాలి. మీటింగు ఎక్కడ పెట్టాలి? మీటింగు హాల్లోనే పెట్టాలి. హాలు ఉండే చోట, ఖాళీ నేల మీద, పదకొండు కుర్చీలు వేసుకుని ఎండలో కూర్చున్నారు. రాసుకున్నారు. అభినందించుకున్నారు. లేచారు. లేచి నిలబడిపోయారు.

"తలుపేదీ?" అన్నాడు గవిరినాయుడు.

అందరూ నాలుగు పక్కలా వెతికారు. తలుపు లేదు.

"దాలినాయుడు పట్టుకుపోయాడండీ" అంది ఎర్నమ్మ బిక్కమొహం వేసి. "మనల్ని లోపలుంచి తలుపు పట్టుకుపోయాడు!"

"తలుపు లేకుండా బయటికి ఎలా వెళ్తాం?" అని పోలిరాజు గొల్లుమన్నాడు. "మా ఇంటిదానికి కబురు చెయ్యండర్రా!"

సన్యాసమ్మ రోడ్డు అవతలనుంచి కేకేసింది. "గోడే నేదు కదా బావూ! ఇలాగ నడిచొచ్చీండి!"

"గోడ లేదని మాకూ తెలుసు" అన్నాడు గవిరినాయుడు చిరాగ్గా. "గోడ లేకే కదా తలుపు పెట్టడానికి వీల్లేకుండా ఉంది! ఊరికే అరవక, వెళ్లి తాపీమేస్త్రీని పిలుచుకురా. ముందు గోడ కట్టాలి."

సన్యాసమ్మ ఎంత చెప్పినా వినలేదు. మేస్త్రీలు వచ్చారు. వాళ్లదీ బుర్రంపేటే. ఎక్కడెక్కడ కట్టాలని అడిగారు. "అన్ని పక్కలా కట్టండి, ఏ పక్క వీలైతే ఆ పక్క తలుపు పెట్టుకుంటాం" అన్నారు లోపలివాళ్లు. పదకొండు మందీ తలో చెయ్యీ వేసి ఇటుకలు అందించారు. అంతే, సాయంత్రానికి నాలుగు పక్కలా గోడ లేచింది, మనిషెత్తుకి జానెడు ఎక్కువే. మేస్త్రీలు బయట నిలబడి, "మరి తలుపు ఎక్కడ పెట్టమంటారండీ?" అని అడిగారు.

లోపల చాలాసేపు గుసగుసలు వినిపించాయి. తరవాత గోడ మీదుగా గవిరినాయుడి గొంతు వచ్చింది.

"సన్యాసమ్మా! ఇలా బాగా నీడగా ఉంది. ఇక రోజూ పదకొండు టీలు ఇక్కడికే అందించు. మేం ఎక్కడికీ పోం!"