ఆరు మాటల రైతు

ఆండాళ్ళు టీచరు మాదిరి పాఠం చెప్పిన రోజున ఇన్‌స్పెక్టరుగారు ఒంటి చెప్పుతో ఇంటికి వెళ్ళారు, బళ్ళో కూర్చోవడానికి ఒక్క కుర్చీ మిగల్లేదు, పాఠంలోని రైతేమో వానలోనే ఉండిపోయాడు.

తెలివితక్కువ వల్లే ఇదంతా జరిగిందని ఊళ్ళోవాళ్ళు అంటారు. ఆండాళ్ళు ఇంట్లో ఆ మాట అని చూడండి, నలుగురూ కలిసి మీద పడతారు. అత్తగారు వెంగమాంబ, భర్త పానకాలు, మరిది సింగరయ్య, ఆండాళ్ళు. ఊరందరి తెలివీ ఒక ఎత్తు, తమ నలుగురిదీ ఒక ఎత్తు అని వాళ్ళ నమ్మకం. తక్కినవాళ్ళు చెప్పింది సగం విని, మిగతా సగం సొంతం కలుపుకుంటారట. వీళ్ళు అలా కాదు. ఎంత చెబితే అంతే. ఒకసారి పానకాలుకి జ్వరమొస్తే డాక్టరు "అన్నం తిన్నాక ఈ మాత్ర వేసుకో" అన్నాడు. ఆ పూట ఇంట్లో ఉప్మా. పానకాలు ఉప్మా తిని, మాత్రని దిండు పక్కన పెట్టుకుని, తెల్లవార్లూ వణికాడు గానీ వేసుకోలేదు. "అదీ నా కొడుకంటే!" అని వెంగమాంబ ఇప్పటికీ చెప్పుకుంటుంది.

అలాంటి ఇంట్లో ఆండాళ్ళుకి చిక్కొచ్చి పడింది. హెడ్మాస్టరు పిలిచి ఉన్నమాట చెప్పేశాడు.

"మీ తెలుగు పీరియడ్లో పిల్లలు ఆవలిస్తున్నారు టీచరుగారూ. ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. స్లైడ్లూ అవీ వేసి ఆయన ముందు పాఠం చెప్పండి. బాగుంటే సరి. లేకపోతే ఏడో తరగతి తెలుగు పీరియడ్లో సగం లెక్కలకి ఇచ్చేస్తాను."

ఏడో తరగతి అంటే ఆండాళ్ళుకి ప్రాణం. స్లైడంటే ఏమిటో మాత్రం తెలియదు. అందుకని పట్నంలో శిక్షణకి పంపించారు. అక్కడ గడ్డం పెంచుకున్న కుర్రాడొకడు గుక్క తిప్పుకోకుండా చెప్పాడు.

"మేడమ్, ఒక వాక్యంలో ఆరు మాటలు దాటనివ్వకండి. దాటినవి మొహమాటం లేకుండా కోసెయ్యండి. బొమ్మ తెరంతా నిండాలి, చివరి బెంచీ వాడిక్కూడా కనపడాలి. తెర వైపు తిరిగి చదవకండి, పిల్లల కళ్ళల్లోకి చూసి చెప్పండి. గదిలో వెలుతురు చుక్క ఉండకూడదు. అన్నిటికంటే ముఖ్యం, మీ పాఠం విన్న పిల్లాడు ఒట్టి చేతులతో ఇంటికి వెళ్ళకూడదు."

ఆండాళ్ళు అక్షరం పొల్లు పోకుండా ఇంటికి మోసుకొచ్చి అప్పజెప్పింది. ఇంకేముంది, నలుగురూ వసారాలో కూర్చున్నారు. పాఠం పేరు 'వాన'. మొదటి వాక్యం పానకాలు వేళ్ళ మీద లెక్కపెట్టాడు.

"మబ్బులు కమ్మి వాన ముంచుకొస్తే రైతు ఎద్దును... ఆరు. కోసెయ్!"

"ఇంకా 'తోలుకుని ఇల్లు చేరాడు' అని ఉందండీ," అంది ఆండాళ్ళు.

"మొహమాటపడొద్దన్నాడుగా?"

వెంగమాంబ కళ్ళొత్తుకుంది. "అదేమిట్రా, ఆ రైతు పిల్లాడు వానలో ఉండిపోయాడే! కనీసం చూరు కిందికైనా జరపండి."

"'చూరు' ఏడో మాట అవుతుందమ్మా."

"అయితే ఎద్దును తీసేసి చూరు పెట్టరాదూ?"

"ఎద్దును ఎవరికి అప్పజెప్పమంటావు?"

అంతే, రైతు వానలోనే ఆగిపోయాడు.

బొమ్మల పని సింగరయ్యది. ఫోను పట్టుకుని పక్కింటి నల్ల ఎద్దు దగ్గరికి వెళ్ళాడు. తెరంతా నిండాలి కదా. తల పట్టింది, కానీ చుట్టూ కాస్త ఖాళీ కనిపించింది. దగ్గరికి జరిగాడు. ఇంకా ఖాళీయే. ఇంకా జరిగాడు. చివరికి ఫోను ఎద్దు డొక్కకి ఆనింది. ఎద్దు తోకతో చెంప మీద ఒక్కటిచ్చింది. "నిండింది!" అని గంతేశాడు సింగరయ్య. మబ్బులనీ అలాగే తీశాడు. ఇంటికొచ్చి చూపిస్తే రెండూ కారు నలుపే.

"వీటిలో మబ్బేది, ఎద్దేది మరిదీ?" అంది ఆండాళ్ళు.

"వెంట్రుకలుంటే ఎద్దు వదినా. లేకపోతే మబ్బు."

"ఆహా, ఎంత సులువుగా చెప్పావు నాయనా!" అంది వెంగమాంబ.

అనుకున్న రోజు వచ్చింది. బళ్ళో తెర లేదని పానకాలు తన పెళ్ళి పంచె తెచ్చి ఏడో తరగతి గోడకి కట్టాడు. జరీ అంచు కింద మెరుస్తోంది. ఇన్‌స్పెక్టరుగారు చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి మొదటి వరసలో కుర్చీలో కూర్చున్నారు. పక్కన హెడ్మాస్టరు. సింగరయ్య లాప్‌టాప్, ప్రొజెక్టరు దగ్గర. చీకటి చేసే పని పానకాలుది.

పానకాలు కిటికీలకి దుప్పట్లు కొట్టాడు. తలుపు సందులో గోనెసంచి కుక్కాడు. అయినా ఎక్కణ్ణించో వెలుతురు! గదంతా వెతికాడు. చూస్తే ఆ ప్రొజెక్టరు లోంచే భళ్ళున కొడుతోంది. "దొరికావా!" అనుకుని దాని మీదా, పక్కనున్న లాప్‌టాప్ మీదా బొంత కప్పేశాడు. అంతే, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి.

తెర ఆరిపోయిన సంగతి ఆండాళ్ళుకి తెలియదు. ఆవిడ తెర వైపు చూడకూడదు కదా! పిల్లల కళ్ళల్లోకి చూడాలి. చీకట్లో కళ్ళు ఎక్కడ కనిపిస్తాయి? చేత్తో తడుముకుంటూ ఒక్కొక్క మొహమే వెతుక్కుంది.

"టీచర్, నా కంట్లో నలుసేం లేదండీ!" అన్నాడొకడు.

"ఉండు నాయనా, చూస్తున్నాను."

తర్వాతి మొహానికి మీసం తగిలింది. ఏడో తరగతికి మీసమేమిటా అని మరోసారి తడిమింది.

"అమ్మా, నేను ఇన్‌స్పెక్టర్ని," అంది మీసం.

"మీరూ కళ్ళు తెరవండి సార్," అని పాఠం మొదలుపెట్టింది. "మబ్బులు కమ్మి... వాన ముంచుకొస్తే... రైతు ఎద్దును..."

ఆగింది. చీకట్లో సింగరయ్య టక్కున మీట నొక్కాడు.

"ఎద్దును ఏం చేశాడు టీచర్?" వెనక బెంచీ నుంచి వచ్చింది ప్రశ్న.

"ఆరైపోయాయి."

"ఏంటి ఆరైపోయాయి? రైతేమయ్యాడు?"

"పిడుగు పడిందా టీచర్?"

"ఎద్దు తప్పిపోయిందా?"

ఒకమ్మాయి వెక్కివెక్కి ఏడవడం మొదలుపెట్టింది. గది గదంతా గోల. ఆ గోలలో ఇన్‌స్పెక్టరుగారి గొంతూ కలిసింది. "చెప్పమ్మా, ఆ ఎద్దును ఏం చేశాడు?"

"మీరెంత పెద్దవారైనా ఏడో మాట చెప్పను సార్."

అప్పుడే బయట గంట కొట్టారు. ఆండాళ్ళుకి చివరి సంగతి గుర్తొచ్చింది. "పిల్లలూ, జాగ్రత్త! ఒక్కరు కూడా ఒట్టి చేతులతో ఇంటికి వెళ్ళకూడదు!"

టీచరు మాట. చేతికి దొరికింది దొరికినట్టు ఎత్తుకున్నారు. డస్టరు, భారతదేశం పటం, కుర్చీలు, సుద్దముక్కల డబ్బా. పంచె ఒకడు చుట్టుకుపోయాడు. ఇన్‌స్పెక్టరుగారి కింది కుర్చీ ఒకడు లాగేస్తే ఆయన నేల మీద కూలబడ్డారు. గుమ్మం దగ్గర ఒక బుజ్జిగాడికి ఇంకేమీ దొరకలేదు, చెప్పు ఒకటి తీసుకున్నాడు. రెండోది వాడి తమ్ముడి కోసం దాచాలనుకున్నాడు గానీ టీచరు తమ్ముడి సంగతి చెప్పలేదు కదా!

పిల్లలు తలుపు తోసుకుని పోయాక చూస్తే గదిలో పెద్దవాళ్ళు తప్ప ఏమీ లేదు. హెడ్మాస్టరు మొహం మాడిపోయింది. "సార్, ఈ పీరియడు రేపే లెక్కలకి..."

ఇన్‌స్పెక్టరుగారు నేల మీద కూర్చునే చెయ్యి అడ్డం పెట్టారు. గుమ్మం బయట పోతున్న ఆఖరి పిల్లాణ్ణి పిలిచారు. వాడి చంకలో బడిగంట ఉంది.

"ఏమర్థమైందిరా?"

"రైతు వానలో ఉన్నాడండీ. ఇంటికెళ్ళి మా నాన్న గొడుగు తెస్తానండీ." వాడు పరుగున పోయాడు.

ఇన్‌స్పెక్టరుగారు హెడ్మాస్టరు వైపు తిరిగారు. "హెడ్మాస్టరుగారూ, పిల్లలు పాఠం వింటూ ఏడవడం నా సర్వీసులో ఇదే చూడడం. తెలుగు పీరియడు కదపకండి." తర్వాత పంచె లేని గోడనీ, తన ఒంటి చెప్పునీ చూసుకుని దణ్ణం పెట్టారు. "మీరు మాత్రం, తల్లీ, మళ్ళీ ఈ గదిలో కాలు పెట్టకండి."

పీరియడు దక్కింది. గది దక్కలేదు. ఇంట్లో మళ్ళీ నలుగురూ వసారాలో కూర్చున్నారు.

"కాలు పెట్టొద్దన్నారు గానీ పాఠం చెప్పొద్దనలేదుగా?" అన్నాడు పానకాలు.

"లేదండీ."

"నోరు పెట్టొద్దన్నారా?"

"అనలేదండీ."

ఇంకేముంది! ఆండాళ్ళు అక్కడికక్కడే తీర్మానించుకుంది. ఆ గదిలో కాలు పెట్టదు. మర్నాటి నుంచీ ఏడో తరగతి కిటికీ బయట నిలబడి, ఊచల్లోంచి తల దూర్చినంత దూర్చి పాఠం చెప్పింది. మరుసటేడు ఆ ఇన్‌స్పెక్టరుగారికి బదిలీ అయింది, హెడ్మాస్టరు బతిమాలాడు, ఆవిడ మాత్రం గుమ్మం దాటలేదు. వానాకాలం వచ్చింది. "లోపలికి రండి టీచర్!" అని పిల్లలు ఏడుపు మొహాలు పెట్టారు. వెంగమాంబ గొడుగు తెచ్చి, పాఠం తడిసిపోకుండా కిటికీకి పట్టింది. ఆండాళ్ళు నిలువునా తడుస్తూ, పిల్లల కళ్ళల్లోకి చూస్తూ, మబ్బుల దగ్గర మొదలుపెట్టి ఎద్దు దగ్గర ఆపేసింది. రిటైరయ్యేదాకా అంతే.