అలసంద వేళ్లలో మూటలు

వాగు అవతల చెలకలో బూడిదెద్దు, కౌజుపిట్ట పొత్తు సేద్యం చేస్తున్నాయి. ఎద్దు దున్ని జొన్న వేసింది. సాళ్ల మధ్య కౌజు అలసంద వేసింది. చొప్ప ఎద్దుకి, అలసందలు కౌజుకి. తీగ కమ్ముకున్నాక కౌజు ఓ మూల దాని కిందే గుడ్లు పెట్టింది. నక్క ఆ సంగతి పసిగట్టింది. కానీ ఎద్దు కొమ్ములుండగా చేలోకి దిగేదెలా?

గట్టు మీద చేరి, "ఎద్దు మామా, నీ అమాయకత్వం చూస్తే జాలేస్తోంది. ఓ అలసంద మొక్క పీకి వేరు చూడు," అంది.

ఎద్దు పీకింది. వేరు నిండా బుడిపెలు.

"అవి మూటలు," అంది నక్క గొంతు తగ్గించి. "నీ నేల బలమంతా మూటగట్టి దాస్తోంది పిట్ట. ఆ సాళ్లలోనూ జొన్నే వేసుకోరాదూ? చొప్ప రెట్టింపు."

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఎద్దు తీగ పీకి ఆ సాళ్లలో జొన్న వేసింది. "పిల్లలయ్యేదాకా ఈ మూల వదిలెయ్ అన్నా," అని కౌజు బతిమాలితే సరేనంది. జాలితో కాదు, ఏం దాస్తుందో కనిపెట్టడానికి.

కొన్నాళ్లకి చేనంతా పసుపు తిరిగింది. ఆ మూల జొన్న మాత్రం నల్లగా నిగనిగలాడింది.

"చూశావా, బలమంతా అక్కడికే లాగేసింది. ఆ తీగా పీకించు," అంది నక్క.

ఎద్దు కొమ్ము విసురుతూ వచ్చింది. కౌజు బెదరలేదు. "నేను పీకితే మూటలు మాయం చేశానంటావు. నక్కబావనే పీకమను," అని, ఎద్దు చెవిలో మెల్లగా, "నువ్వు జొన్న చాటున నిలబడు," అంది.

ఎద్దు పిలిస్తే చేలోకి దిగిన నక్క తీగ ముట్టుకోలేదు. నేరుగా గూట్లో మూతి పెట్టింది. అక్కడున్నవి ఉత్త పెంకులే. పిల్లల్ని కౌజు పొద్దున్నే గట్టు దాటించేసింది.

"వేరెక్కడ, నీ మూతెక్కడ అల్లుడూ?" అంటూ ఎద్దు కుమ్మిన కుమ్ముకి నక్క వాగులో పడింది.

"మరి ఆ మూటల్లో ఏముంది?" ఎద్దు ఇంకా అనుమానంగానే అడిగింది.

"గాలిలోంచి తెచ్చుకున్న బలం. అలసంద తన కూడు తానే తెచ్చుకుని, నేలలోది జొన్నకి వదులుతుంది. ఆకు రాలి వేరు కుళ్లితే ఆ మూటా నేలకే. నువ్వు దాన్ని లేపేసి జొన్న పక్కన జొన్నని కూర్చోబెట్టావు. కంచం ఒకటే, ఆకలి ఇద్దరిదీ."

ఆ వేసవి ఎద్దుకి నెమరేయడానికి చొప్ప చాల్లేదు. తన తెలివినే నెమరేసుకుంది.

నీతి: పక్కవాడు నీ కంచంలో చెయ్యి పెట్టాడని ఎవరైనా చెబితే, ముందు ఆ చెప్పినవాడి చూపు ఎటుందో చూడు.