బెగ్గురులు దిగని బాడవ

నీలిమెట్ట అనే ఊళ్ళో తవిటినాయుడని ఒక రైతు ఉండేవాడు. మనసు వెన్నే గానీ, తనకు మంచిదనిపించిందే లోకానికంతా మంచిదనుకునేవాడు.

ఊరి పక్కన మోకాటి లోతు నీళ్ళతో, తుంగతో నిండిన బాడవ ఉండేది. చలికాలం రాగానే ఎక్కడెక్కడి నుంచో బెగ్గురు కొంగలు బారులు తీరి వచ్చి అందులో దిగేవి. నాయుడి చిన్నతనంలో వాళ్ళమ్మ అతణ్ణి చంకనెత్తుకుని, "అదిగోరా, మన చుట్టాలొచ్చారు" అని చూపించేది. ఆ కూతలు వింటూ తిన్న చద్దన్నం రుచి పెద్దయ్యాక మళ్ళీ ఎక్కడా దొరకలేదతనికి. అవేం రోజులు!

రానురాను కొంగలు వచ్చే దారిలోని చిత్తడి నేలలన్నీ రొయ్యల చెరువులైపోయాయి. కాలు మోపే చోటు లేక, అవి ఏటేటా తగ్గిపోయాయి. నాయుడికి దిగులు పట్టుకుంది.

"మన బాడవలో నీళ్ళు వాటికేం సరిపోతాయి పాపం? లోతుగా తవ్విస్తాను," అన్నాడు భార్య గౌరమ్మతో.

"అది చెరువు కాదయ్యా. తాతల నాటి నుంచీ అలాగే ఉంది, అవీ అలాగే వస్తున్నాయి. దాని జోలికి పోకు," అందామె.

"నీళ్ళు ఎక్కువైతే ఎవరికి చేదు?" అని నవ్వేశాడు నాయుడు. పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రం కదా అతనిది! పొక్లెయిన్ తెప్పించి, తుంగంతా పీకించి, నిలువెత్తు లోతు తవ్వించి, చుట్టూ గట్టు పోయించాడు.

చలికాలం వచ్చింది. ఒక ఉదయం కూత వినబడగానే నాయుడు చేతిలో ముద్ద వదిలేసి పరుగెత్తాడు. కొంగలు కాళ్ళు చాచి నీటిదాకా దిగాయి. నేల అందలేదు. మళ్ళీ లేచాయి, మళ్ళీ దిగబోయాయి. ఎంతో దూరం ఎగిరి వచ్చి అలసిపోయిన ఆ పక్షులు, నిలబడే చోటు దొరక్క చివరికి సముద్రం వైపు వెళ్ళిపోయాయి.

నాయుడు గట్టు మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "గంపెడు ఆశతో వచ్చినవాటిని నేనే తరిమేశాను గౌరీ," అన్నాడు.

"అవి నిలబడి మేసే పిట్టలయ్యా, ఈదేవి కావు," అంది గౌరమ్మ. వచ్చి పక్కనే కూర్చుంది.

ఆ వేసవిలోనే నాయుడు గట్టు తెగ్గొట్టించి, గుంటను మళ్ళీ మోకాటి లోతుకు పూడ్పించాడు. తుంగ తిరిగి మొలవడానికి ఏళ్ళు పట్టింది. ఒక చలికాలం ఒకే ఒక్క జంట వచ్చి దిగింది. ఆకాశం నిండా వచ్చే ఆ పాత బారులు మాత్రం అతని జీవితకాలంలో మళ్ళీ రాలేదు.

మేలు చేయాలంటే ముందు ఎదుటివారికి ఏం కావాలో తెలుసుకోవాలి. తెలుసుకోకుండా చేసిన మేలు కీడుకేమీ తీసిపోదు.