జున్ను గడ్డి ముట్టని రోజు

సఖినేటిపల్లి దగ్గర కొత్తలంకలో హైమ అనే పదేళ్ళ అమ్మాయి ఉండేది. ఆ పిల్లకు చాలా విషయాలు తెలుసు గానీ, తెలిసినదాన్ని పెద్దవాళ్ళ ఎదుట నోరు విప్పి చెప్పడం మాత్రం చేతనయ్యేది కాదు.

బడిలో జవాబు తెలిసినా చెయ్యి ఎత్తేది కాదు. కొట్టుకు వెళ్ళి కందిపప్పు అడిగితే, కొట్టువాడు పొరపాటున పెసరపప్పు పొట్లం కట్టినా మాట్లాడకుండా తెచ్చేసేది. చుట్టాలు ఇంటికి వస్తే, ఈ పిల్లకు నోట్లో నాలుక లేదు, ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకునేవారు. అది విని విని, మాట్లాడకుండా ఉండటమే మంచితనం కాబోలు అనుకునేది హైమ.

ఆ ఏడాది లీలావతి టీచరు ఆమెకు ఒక కుందేలు పిల్లను ఇచ్చింది. తెల్లగా, మెత్తగా, ముట్టుకుంటే జారిపోయేలా ఉండేది. హైమ దానికి జున్ను అని పేరు పెట్టుకుంది. ఇచ్చేటప్పుడు టీచరు ఒకటికి రెండుసార్లు జాగ్రత్తలు చెప్పింది. కుందేలుకు గడ్డే అన్నం, పచ్చిగడ్డీ ఎండుగడ్డీ ఎప్పుడూ ముందుండాలి. తీపి వస్తువులూ బిస్కెట్లూ పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, కుందేలు ఒక పూట తిండి మానేసి, పెంటికలు కూడా వెయ్యకపోతే, రేపు చూద్దామని ఊరుకోకూడదు, వెంటనే పశువుల డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళాలి. హైమ ఆ మాటలు పాఠంలా ఒప్పగించగలిగేది, తనలో తను.

దసరా సెలవుల్లో అమ్మానాన్నా పెళ్ళికని కాకినాడ వెళ్ళారు. ఇంట్లో హైమకు తోడుగా అమ్మమ్మ ఉంది. ఆదివారం సాయంత్రం పెద్దిరాజు మావయ్య కూడా వచ్చాడు. ఆయన మనిషి ఎంత భారీయో మనసూ అంత పెద్దది. ఎవరికైనా ఏదో ఒకటి తినిపించనిదే ఆయనకు తోచదు. వచ్చీ రాగానే సంచిలోంచి మడత కాజాల పొట్లం తీసి అందరికీ పంచాడు. తర్వాత జున్ను గూడు ముందు చతికిలబడి, దానికీ ఒక కాజా విరిచి పెట్టాడు. జున్ను మీసాలు ఆడించి, పాకం నాకి, కరకరా తినేసింది. మావయ్యకు హుషారు పుట్టుకొచ్చింది. ఇంకో ముక్క పెట్టాడు. తర్వాత రెండు బిస్కెట్లు. ఆ తర్వాత రొట్టె ముక్క.

హైమ పక్కనే నిలబడి ఉంది. వద్దు మావయ్యా అన్న మాట గొంతుదాకా వచ్చింది. అంత ప్రేమగా పెడుతున్నవాడిని వద్దంటే చిన్నబుచ్చుకుంటాడేమో అనిపించింది. మాట మింగేసి, గౌను అంచు మెలితిప్పుతూ చూస్తూ ఉండిపోయింది.

సోమవారం పొద్దున్న హైమ గుప్పెడు గరిక కోసి గూట్లో వేసింది. రోజూ అయితే జున్ను ఆమె చేతిలోంచే లాక్కునేది. ఆ రోజు కదల్లేదు. ఒక మూల ముడుచుకుని, వీపు గూనిలా పెట్టి కూర్చుంది. కొత్తిమీర ముక్కు దగ్గర పెడితే మొహం తిప్పుకుంది. గూడు కింద పరిచిన కాగితం మీద ఒక్క పెంటిక కూడా లేదు.

హైమ వంటింట్లోకి పరుగెత్తింది. వెళ్ళి అమ్మమ్మ కొంగు పట్టుకుని, జున్ను తినడం లేదని గొణిగింది. అమ్మమ్మ వంకాయలు తరుగుతూ, ఎండకు వేడి చేసి ఉంటుంది, ఆకలేస్తే అదే తింటుందిలే అంది. టీచరు చెప్పిన సంగతి చెప్పాలని హైమ అక్కడే నిలబడింది. అమ్మమ్మ రెండో వంకాయ తీసుకుంది. హైమ వెనక్కి వచ్చేసింది.

పది గంటలైంది, పన్నెండైంది. హైమ గూడు దగ్గరే కూర్చుని నీళ్ళ గిన్నె మార్చింది, గడ్డి మార్చింది. రెండింటికి జున్ను కళ్ళు సగం మూసుకుని, పళ్ళు మెల్లగా నూరడం మొదలుపెట్టింది. చెవులు పట్టుకుని చూస్తే చల్లగా తగిలాయి.

అప్పుడే పెద్దిరాజు మావయ్య వంటింట్లోంచి గిన్నె, చెంచా పట్టుకుని వచ్చాడు. వాము కషాయం కాచాడు. చిన్న ప్రాణం కదా, రెండు చెంచాలు గొంతులో పోస్తే దెబ్బకు లేచి కూర్చుంటుందని చెప్పి, జున్నును ఎత్తి వెల్లకిలా పట్టుకుని దాని నోరు తెరవబోయాడు. జున్ను కాళ్ళు ఒక్కసారి తన్నుకుని ఊరుకున్నాయి.

"వద్దు మావయ్యా," అంది హైమ.

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వచ్చింది. మావయ్య చెంచా గాల్లోనే ఆపాడు. గుమ్మంలో అమ్మమ్మ నిలబడిపోయింది. ఒక మాట బయటపడ్డాక, మిగతావి దాని వెనకే వచ్చాయి. కుందేలు ఒక పూట తినకపోతే ప్రమాదమని టీచరు చెప్పిందనీ, పొద్దుటినుంచీ పెంటికలు కూడా లేవనీ, నర్సాపురంలో పశువుల ఆసుపత్రి అయిదింటికి మూసేస్తారనీ గబగబా చెప్పేసింది. 

మావయ్య గిన్నె కింద పెట్టాడు. చొక్కా తొడుక్కుంటూ, బుట్ట తెమ్మన్నాడు. అమ్మమ్మ తన పాత నూలు చీర మడతపెట్టి బుట్టలో పరిచింది, పైన కప్పడానికి తువ్వాలు ఇచ్చింది. రెండు నిమిషాల్లో మోటారు సైకిలు రోడ్డెక్కింది. హైమ వెనక కూర్చుని బుట్టను పొట్టకు ఆనించి పట్టుకుంది. కొబ్బరితోటలు గిర్రున వెనక్కి పోయాయి. గుంత వచ్చినప్పుడల్లా, నెమ్మదిగా పొమ్మని మావయ్య వీపు మీద తట్టింది. నిన్నటి హైమ అయితే పళ్ళు బిగించుకుని ఊరుకునేది.

రేవుకు చేరేసరికి పంటు బయలుదేరింది. మనుషుల్నీ బళ్ళనీ కలిపి గోదావరి దాటించే ఆ వెడల్పాటి పడవ, ఒడ్డుకూ తనకూ మధ్య అప్పటికే రెండు బారల నీళ్ళు పెట్టేసింది. మావయ్య బండి ఆపి నిట్టూర్చాడు. ఇంకొకటి ముప్పావుగంటకు గానీ రాదు, చేసేదేముంది, ఆగుదాం అన్నాడు.

హైమ బుట్టతో సహా బండి దిగి, రేవు చివరికంటా పరుగెత్తింది. పంటు మీద యాభై మంది ఉన్నారు. అందరూ తెలియనివాళ్ళే.

"ఆపండి! కుందేలు చచ్చిపోతోంది, ఆపండి!"

యాభై తలలూ ఇటు తిరిగాయి. ఎవరో నవ్వారు. ఒక చేపలావిడ తన గంప మీంచి లేచి, పంటు నడిపే సరంగును కేకేసి, ఆ పిల్లను చూడవయ్యా అంది. సరంగు ఒక క్షణం ఆలోచించాడు. ఇంజను చప్పుడు మారింది. పంటు మెల్లగా వెనక్కి వచ్చి ఒడ్డును తాకింది. మావయ్య బండి ఎక్కించేసరికి ఆయన మొహం నిండా చెమట, కళ్ళలో ఆశ్చర్యం. హైమకు ఒళ్ళంతా ఝల్లుమంది. తన గొంతుకు అంత పెద్ద పడవ వెనక్కి వచ్చిందంటే నమ్మబుద్ధి కాలేదు. గోదావరి గాలికి జున్నుకు చలి వెయ్యకుండా తువ్వాలు చుట్టూ కుక్కి, బుట్ట మీద ఒంగి కూర్చుంది.

ఆసుపత్రి ముందు మూడు గేదెలూ ఒక మేకా వరసలో ఉన్నాయి. గుమ్మం దగ్గర అటెండరు బుట్టలోకి తొంగిచూసి, డాక్టరుగారు ఇవి చూసుకుని పక్క ఊరికి టీకాలు వెయ్యడానికి వెళ్ళాలి, కుందేలే కదా, రేపు పొద్దున్న తీసుకురమ్మన్నాడు. మావయ్య సరేనండి అని వెనక్కి తిరగబోయాడు. హైమ తిరగలేదు. పొద్దుటినుంచీ తినలేదనీ, రేపటిదాకా ఆగదనీ అక్కడినుంచే లోపలికి వినిపించేలా చెప్పింది. గేదె పట్టుకున్న రైతు, మా గేదె కాలు నొప్పే, అరగంట ఆగుతుంది, ముందు ఆ పాపను పంపండి అన్నాడు.

డాక్టర్ సుగుణకుమారి చేతులు కడుక్కుని బుట్ట అందుకున్నారు. జున్నును బల్ల మీద పెట్టి, పొట్టకు గొట్టం ఆనించి విన్నారు. వేళ్ళతో మెత్తగా నొక్కి చూశారు. నోట్లోకి చిన్న దీపం వేసి పళ్ళు చూశారు. పళ్ళు బాగానే ఉన్నాయి, పొట్టే కదలడం మానేసింది అన్నారు. తర్వాత, దీనికి ఏం పెట్టారని అడిగారు.

"గడ్డేనండి. గడ్డి తప్ప ఇంకేం పెట్టం," అన్నాడు మావయ్య నమ్మకంగా. నిన్న పెట్టినవి ఆయనకు గుర్తే లేవు. ప్రేమగా పెట్టినది కీడు చేసిందని ఆయనకు ఎలా తడుతుంది?

హైమ మావయ్య వైపు చూసింది. తన కోసం మండుటెండలో బండి పరుగెత్తించినవాడు. ఆయన ఎదుటే, పరాయివాళ్ళ ముందు, ఆ మాట ఎలా అనడం? పంటును ఆపడం కంటే ఇదే కష్టంగా ఉంది. అంతలో బల్ల మీద జున్ను మళ్ళీ పళ్ళు నూరింది.

"నిన్న సాయంత్రం కాజాలు తిన్నదండి. బిస్కెట్లు, రొట్టె కూడా. పెట్టకూడదని నాకు తెలుసు. మావయ్యకు తెలియదు. నేనే చెప్పలేదు."

మావయ్య మొహం పాలిపోయింది. డాక్టరమ్మ ఎవరినీ ఏమీ అనలేదు. ఆ ఒక్క మాటతో నా పని సగం తేలికైంది అన్నారు. కుందేలు పొట్ట ఎప్పుడూ కదులుతూనే ఉండాలనీ, తీపీ పిండీ ఎక్కువైతే లోపల గాలి నిండి అది ఆగిపోతుందనీ, పాపం దానికి వాంతి కూడా రాదనీ, నొప్పి పుట్టినా అరిచి చెప్పుకోదనీ చెప్పారు. చెబుతూనే చర్మం కిందికి సెలైన్ ఎక్కించారు. నొప్పికి ఒక సూది, పొట్ట కదలడానికి ఒక సూది వేశారు. వేడినీళ్ళ సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టించారు. వాము కషాయం సంగతి విని, వెల్లకిలా పట్టుకుని పోసి ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోయేదన్నారు. చివరికి హైమను చూసి, పొద్దున్నే తెచ్చి ఉంటే ఇంకా బాగుండేది, రేపు తెచ్చి ఉంటే నేను చెయ్యగలిగేది ఏమీ ఉండేది కాదు అన్నారు. పెంటికలు పడితే గండం గడిచినట్టేనని కూడా చెప్పారు.

తిరుగు పంటులో మావయ్య బుట్టను తన ఒళ్ళోకి తీసుకుని, తువ్వాలు సరిగ్గా కప్పాడు. హైమ తిట్టు కోసం ఎదురుచూసింది.

"నిన్ననే ఒక్క మాట చెప్పి ఉంటే పెట్టేవాణ్ణే కాదు కదే అమ్మలూ," అన్నాడు చివరికి. "నాకు కోపం వస్తుందనుకున్నావా?"

హైమ తల ఊపింది. అప్పుడు ఏడుపు వచ్చింది. నిన్నటి తన మంచితనమే జున్నును బుట్టలో పడుకోబెట్టిందని అర్థమైంది. మావయ్య ఆమె తల మీద చెయ్యి వేసి, ఆ చేతిని ఒడ్డు చేరేదాకా తియ్యలేదు.

మంగళవారం తెల్లవారగానే ఇద్దరూ గూడు దగ్గరికి పరుగెత్తారు. కాగితం మీద మిరియాలంతటి నల్లటి పెంటికలు తొమ్మిది ఉన్నాయి. హైమ వాటిని బంగారు పూసల్లా లెక్కపెట్టింది. మావయ్య తువ్వాలు గాల్లో తిప్పి, వీధికంతా వినిపించేలా అమ్మమ్మను పిలిచాడు. ఎదురింటివాళ్ళు కూడా ఏమైందోనని వచ్చారు. హైమ వాళ్ళందరి మధ్య కూర్చుని గరిక పోచ ఒకటి చాపింది. జున్ను ముక్కు ఆడించింది, కాస్త జరిగింది, పోచ కొస పట్టుకుని మెల్లగా నమలడం మొదలుపెట్టింది. పోచ పొట్టిదవుతూ పొట్టిదవుతూ దాని నోట్లోకి పోతుంటే, చుట్టూ ఉన్నవాళ్ళందరూ ఒంగి చూశారు.

పిల్లలూ, పెద్దల పట్ల గౌరవం అంటే వాళ్ళ ఎదుట నోరు మూసుకోవడం కాదు; నోరులేని ప్రాణికి ముప్పు వస్తోందని మీకు తెలిసినప్పుడు, ఎదుట ఎవరున్నా సరే, ఆలస్యం చెయ్యకుండా దాని తరఫున మాట్లాడాలి.