మూడు కాళ్ళ అక్షరం

అనగనగా ఒక ఊరు. ఆ ఊళ్ళో రాజవ్వ. రాజెక్కడ అని అడగకు బిడ్డా, ఆమె పేరులో ఉన్నాడు, అంతే.

పిల్లలు కాస్త పెద్దయ్యాక రాజవ్వ వయోజన బడిలో అక్షరాలు నేర్చింది. ఇంగ్లీషు అక్షరాలు గుర్తుండక తనే గుర్తులు పెట్టుకుంది. చిన్న ‘ఎమ్’ అంటే మూడు కాళ్ళ అక్షరం. ఆ తర్వాత మూడోసారికి పదో తరగతి గట్టెక్కింది.

అప్పుడు ఊరి అంగన్‌వాడీలో ఆయా ఉద్యోగం పడింది. ముప్పై ఐదేళ్ళు దాటితే ఇవ్వరు. రాజవ్వకి సరిగ్గా ముప్పై ఐదు. ఇదే ఆఖరి అవకాశం.

“నీకు ఉద్యోగమా? ఇంట్ల బువ్వ ఎవరు వండుతరు?” అన్నాడు మొగుడు ఓదెలు.

“వండనీకి చేతులుంటె చాలు. నీకు రెండున్నయి,” అంది రాజవ్వ.

అప్పుడు ఫోన్లో మెసేజ్ వచ్చింది, దరఖాస్తు ఇక్కడ పెట్టండి అని. నొక్కితే ప్రభుత్వ ముద్రతో పేజీ తెరుచుకుంది. రాజవ్వ తొందరపడలేదు. అంగన్‌వాడీ గోడకి అంటించిన కాగితం దగ్గరికి పోయింది. అందులో ఉన్న వెబ్‌సైట్ అడ్రసునీ ఫోన్లో అడ్రసునీ అక్షరం అక్షరం పోల్చింది. మూడుసార్లు. ఎమ్ దగ్గర ఆగి కాళ్ళు లెక్కపెట్టింది. మూడూ ఉన్నాయి.

ఆ తర్వాత సర్టిఫికెట్ పంపింది, ఫొటో పంపింది, ఆధార్ పంపింది. ‘మీ దరఖాస్తు అందింది’ అని వచ్చింది. వీధంతా బెల్లం పంచింది.

గడువు దాటింది. జాబితా వచ్చింది. పేరు లేదు. ఆఫీసుకి పోతే గుమస్తా ఫోను చూసి నవ్వాడు.

“ఇది ఎమ్ కాదమ్మా. ఆర్ పక్కన ఎన్. దొంగ అడ్రసు. నీ కాగితాలు దొంగల దగ్గరున్నయి. చూసుకోవద్దా?”

“మూడుసార్లు చూసిన సారూ. నాకు ఈ ఒక్క ఏడాదే ఉన్నది.”

“గడువు అయిపోయింది. నేనేం చెయ్యాలె?”

ఆర్‌కి ఒక కాలు, ఎన్‌కి రెండు, కలిస్తే మూడు. ఆమె లెక్క తప్పలేదు బిడ్డా. చూసేవాళ్ళ కళ్ళు మోసపోవాలని దొంగలు ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టారు.

పోలీసాయన, ఇంగ్లీషు రానిదానికి ఫోనెందుకన్నాడు. ఓదెలు, నేను ముందే చెప్పలేదా అని సంబరపడ్డాడు. బెల్లం తిన్నవాళ్ళు బుద్ధులు చెప్పారు. దొంగని తిట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. మోసపోయింది ఆడదైతే ఊరికి దొంగ కనబడడు.

ఆ తర్వాత ఆ అడ్రసు మాయమైంది. పక్క జిల్లాలో ఇంకో ఉద్యోగం పడింది. ఇంకో దొంగ అడ్రసు తెరుచుకుంది.

“మరి రాజవ్వ?” అంటావా. ఆమెకి ముప్పై ఆరు నిండాయి. అంతే.

కథేమో కంచికి చేరింది,
కునుకేమో నీ కంటికి చేరింది,
రాజవ్వ దరఖాస్తు మాత్రం, తల్లీ,
ఎక్కడికీ చేరలేదు.